నిండు పడవకు సరైన ప్రొపెల్లర్ ఎంచుకోవడం ఎలా

పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటరుతో పాటు డబ్బాలో వచ్చే ప్రొపెల్లర్‌ను కంపెనీ ఒక మధ్యరకం పడవను దృష్టిలో పెట్టుకుని ఇస్తుంది. తేలికైన ఫైబర్ పడవ, ఇద్దరు ముగ్గురు మనుషులు, అడ్డంకులు లేని నీళ్లు అన్నది ఆ లెక్క. లోయర్ మానేరులో కుటుంబాలను తిప్పే పడవ, మిడ్ మానేరులో తడి వలలు మోసే పడవ, ఏటూరునాగారం వైపు గోదావరిలో మనుషులతో పాటు బస్తాలు దాటించే పడవ ఆ లెక్కలో ఇమడవు. ఇలాంటి చోట్ల ఎక్కువగా కనిపించే తప్పు ఒకటే: బరువు పడవకు ఎక్కువ పిచ్ (ఒక చుట్టుకు ముందుకు జరిగే దూరం) ఉన్న ప్రొపెల్లర్ బిగించి, ఇంజన్ తన చుట్లు అందుకోకుండానే ఏళ్ల తరబడి నడపడం.

గుర్తులు తేలికగానే దొరుకుతాయి. థ్రాటిల్ చివరిదాకా తిప్పినా ఇంజన్ బరువుగా మూలుగుతుంది. ముందు భాగం ఆకాశం చూస్తుంటుంది, వెనక భాగం నీళ్లలో కుంగి ఉంటుంది, పడవ ఎంతకీ నీటి మీదికి లేవదు. ప్లగ్గులు తరచూ నల్లబడతాయి. చప్పుడు తక్కువగా ఉంది కాబట్టి ఇంజన్ సుఖంగా ఉంది, పెట్రోలు మిగులుతోంది అనుకునేవాళ్లు చాలామంది. నిండు లోడు ట్రాక్టరును టాప్ గేరులో కట్ట ఎక్కించినట్టుంటుంది దాని పరిస్థితి. చుట్లు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. పిస్టన్ తలల మీద మసి పేరుకుంటుంది, వేడి పెరుగుతుంది, రింగులు పట్టేస్తాయి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పిచ్ మరీ తక్కువైతే ఇంజన్ అరుస్తూ కంపెనీ చెప్పిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటిపోతుంది. కొన్ని కొత్త ఇంజన్లలో లిమిటర్ అడ్డుపడి ఆపుతుంది. పాత టూ-స్ట్రోక్‌లలో అది ఉండకపోవచ్చు, బేరింగులూ కనెక్టింగ్ రాడ్లూ ఆ దెబ్బ తింటాయి. అందుకే ప్రొపెల్లర్‌ను పడవ వేగం చూసి ఎంచుకోకూడదు. మీరు రోజూ మోసే బరువుతో, ఫుల్ థ్రాటిల్‌లో, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో కొలిచి ఎంచుకోవాలి.

రెక్కల మీద అంకెలు

హబ్ (రెక్కలు అతికి ఉండే మధ్య భాగం) మీదో రెక్క మొదట్లోనో 9¼ × 9 లాంటి అచ్చు కనిపిస్తుంది. మొదటిది వ్యాసం, అంటే రెక్కల కొసలు గీసే వృత్తం అడ్డుకొలత. రెండోది పిచ్, అంటే నీళ్లు ఏమాత్రం జారకపోతే ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు జరిగే దూరం. రెండూ అంగుళాలే. పిచ్ పెరిగితే ఇంజన్ మీద బరువు పెరిగి చుట్లు తగ్గుతాయి. వ్యాసం పెరిగినా అంతే, అయితే ఒక అంగుళం వ్యాసం తెచ్చే మార్పు రెండు మూడు అంగుళాల పిచ్‌తో సమానం. ఒకే రకం ప్రొపెల్లర్లలో పిచ్ తగ్గేకొద్దీ కంపెనీలే వ్యాసాన్ని కొంచెం పెంచుతుంటాయి. బరువు నెట్టడానికి కావాల్సింది అలాంటిదే. పెద్ద వ్యాసం ఎక్కువ నీళ్లను పట్టుకుంటుంది, తక్కువ పిచ్ ఇంజన్‌ను స్వేచ్ఛగా తిరగనిస్తుంది.

పాత ప్రొపెల్లర్ మీద అచ్చు అరిగిపోయి ఉంటే వ్యాసం కొలవడం సులువు. హబ్ మధ్య నుంచి ఒక రెక్క కొస దాకా కొలిచి రెట్టింపు చేయండి. మూడు రెక్కలనూ విడివిడిగా కొలవండి. ఒకటి పొట్టిగా తేలితే ఆ కొస అరిగిపోయిందన్నమాట. పిచ్‌కు కాస్త ఓపిక కావాలి. ప్రొపెల్లర్‌ను చదునైన బల్ల మీద కాగితం పరిచి, హబ్ కిందికి వచ్చేట్టు నిలబెట్టండి. మధ్య నుంచి కొసకు ఉన్న దూరంలో సుమారు 70 శాతం దగ్గర ఒక రెక్క మీద గుర్తు పెట్టండి. ఆ గీత మీద రెక్క ముందు అంచు బల్ల నుంచి ఎంత ఎత్తులో ఉంది, వెనక అంచు ఎంత ఎత్తులో ఉంది చూసి, తేడా రాసుకోండి. ఆ రెండు అంచులకూ నేరుగా కింద కాగితం మీద చుక్కలు పెట్టి, మధ్య బిందువు దగ్గర ఎన్ని డిగ్రీల కోణం చేస్తున్నాయో కోణమానినితో చూడండి. ఎత్తుల తేడాను 360తో గుణించి ఆ డిగ్రీలతో భాగిస్తే పిచ్ వస్తుంది. తేడా ఒకటిన్నర అంగుళం, కోణం 60 డిగ్రీలు అయితే 1.5 × 360 ÷ 60, అంటే 9 అంగుళాలు. అర అంగుళం అటూ ఇటూ రావచ్చు. మూడు రెక్కలకూ మూడు వేర్వేరు జవాబులు వస్తే మాత్రం ప్రొపెల్లర్ వంగిందని అర్థం. అలాంటిదాన్ని పెట్టుకుని పరీక్షలు చేసినా లాభం లేదు.

అంకెలతో పాటు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. లోపలి పళ్లు, అంటే స్ప్లైన్లు, లెక్కపెట్టండి. ఒకే హెచ్‌పీ ఉన్నా కంపెనీని బట్టి, గేర్‌కేసును (ప్రొపెల్లర్ బిగించే కింది గేర్ల పెట్టెను) బట్టి ఈ సంఖ్య మారుతుంది. యమహా ప్రొపెల్లర్లలో కొలత పక్కన ఉండే అక్షరం గేర్‌కేస్ కుటుంబాన్ని చెబుతుంది, కాబట్టి పిచ్ అంకె ఒక్కటే చెప్పి ఆర్డర్ పెడితే షాఫ్ట్‌కు ఎక్కనిది చేతికొస్తుంది. పొగ హబ్ మధ్య నుంచి బయటికి వస్తుందా, వేరే దారి నుంచి వస్తుందా అన్నది కూడా చూడాలి. ఒక రకం ఇంజన్‌కు రెండో రకం ప్రొపెల్లర్ పెడితే పొగ రెక్కల మీదికి వచ్చి నీటి పట్టు పోతుంది. తిరిగే దిక్కు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఒంటరి మోటరుకు దాదాపు ఎప్పుడూ వెనక నుంచి చూస్తే గడియారం దిక్కున తిరిగేదే ఉంటుంది.

కొలిచే పద్ధతి

ముందు ఇంజన్ మాన్యువల్ తెరిచి ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం పరిధి చూడండి. చిన్న టూ-స్ట్రోక్ మోటర్లలో అది తరచుగా 4500 నుంచి 5500, ఫోర్-స్ట్రోక్‌లలో 5000 నుంచి 6000. మీ మోడల్‌కు మాన్యువల్‌లో ఏముంటే అదే ప్రమాణం. నిండు లోడుతో ఆ పరిధిలో పై సగంలోకి రావాలి. 5000–6000 ఇంజన్ అయితే 5500 మీద గురి పెట్టుకోండి.

చేత్తో పిడి పట్టుకుని నడిపే టిల్లర్ మోటర్లకు సాధారణంగా చుట్లు కొలిచే టాకోమీటర్ ఉండదు. ప్లగ్ వైరు చుట్టూ వైరు చుట్టుకునే చిన్న డిజిటల్ టాకోమీటర్ సరిపోతుంది. దాని సెట్టింగ్ దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. టూ-స్ట్రోక్‌లో చుట్టుకొకసారి నిప్పురవ్వ వస్తుంది. ఫోర్-స్ట్రోక్ అనగానే రెండు చుట్లకు ఒకటి అని సెట్ చేస్తారు, కానీ చాలా ఫోర్-స్ట్రోక్ ఔట్‌బోర్డ్‌లలో అదనపు రవ్వ కూడా పడుతుంది కాబట్టి వాటిలోనూ చుట్టుకొకటే. సెట్టింగ్ తప్పితే అంకె సగమో రెట్టింపో చూపిస్తుంది. న్యూట్రల్‌లో ఐడిలింగ్ వేగం మాన్యువల్‌లో చెప్పినదానికి దగ్గరగా వస్తోందో లేదో చూసి సెట్టింగ్ సరిచూసుకోండి. పడవ వేగానికి ఫోన్‌లోని జీపీఎస్ చాలు.

పరీక్ష ఖాళీ పడవతో చేస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. రోజూ ఎక్కే మనుషుల బరువు, నిండు ట్యాంకు, వలలు, లంగరు, లైఫ్ జాకెట్లు అన్నీ ఉండాలి. 25 లీటర్ల పెట్రోలే 18 కిలోలు దాటుతుంది. మనుషులను ఎక్కించుకుని ప్రయోగాలు చేయకండి. తాగునీళ్ల 20 లీటర్ల క్యాన్లను చెరువు నీళ్లతో నింపి, మనుషులు కూర్చునే చోట్లలోనే పెట్టండి. నలుగురి బరువుకు పన్నెండు పదమూడు క్యాన్లు పడతాయి. క్యాన్లన్నీ వెనక కుప్ప పోస్తే పడవ వంపు మారి ఫలితం చెడుతుంది. పక్కకు దొర్లకుండా తాడుతో కట్టండి.

మోటరు ఎత్తు కూడా ముందే చూసుకోవాలి, లేకపోతే ఎత్తు తప్పును ప్రొపెల్లర్ నెత్తిన రుద్దుతారు. ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా ఉండే ప్లేటు పడవ అడుగుతో సమానంగా, లేదా దానికి ఓ అంగుళం కిందుగా ఉండాలి. ట్రాన్సమ్ (మోటరు తగిలించే వెనక చెక్క) ఎత్తు 15 అంగుళాలు అయితే షార్ట్ షాఫ్ట్, 20 అయితే లాంగ్ షాఫ్ట్. నాటు పడవకు ఇక్కడే కొట్టించిన వెనక చెక్క కొలత ఈ రెండింటికీ మధ్యలో తేలడం మామూలే. ప్లేటు మరీ పైన ఉంటే ప్రొపెల్లర్ గాలి పీలుస్తుంది. మలుపులో ఇంజన్ ఒక్కసారిగా అరిచి పడవ నెమ్మదిస్తుంది. మరీ కింద ఉంటే నీళ్లు మోటరు మీదికి చిమ్ముతాయి, ఊరికే ఈడ్పు పెరుగుతుంది.

పడవ అడుగు కూడా తడిమి చూడండి. నెలల తరబడి నీళ్లలోనే ఉన్న పడవకు పాకుడు పట్టి ఉంటుంది. గీకి కడిగితేనే కొన్నిసార్లు వంద రెండొందల ఆర్‌పీఎం తిరిగి వస్తుంది. థ్రాటిల్ కేబుల్ చివరిదాకా తెరుచుకుంటోందా, ఒక ప్లగ్ పని మానేసిందా, కార్బురేటర్ జెట్‌లో చెత్త ఉందా అన్నవి కూడా చూశాకే ప్రొపెల్లర్‌ను అనుమానించాలి. జబ్బు పడ్డ ఇంజన్‌కు తక్కువ పిచ్ పెడితే జబ్బు కనబడకుండా పోతుంది, నయం కాదు.

వలలు, కంచెలు లేని లోతు నీళ్లలో, లైఫ్ జాకెట్ వేసుకుని, కిల్ స్విచ్ (తాడు లాగితే ఇంజన్‌ను ఆపేసే స్విచ్) తాడు చేతికి చుట్టుకుని, గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వాలుగా ఒకసారి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. అంకె కుదురుకున్న తర్వాత అయిదారు సెకన్లు చాలు. రెండు దిక్కుల ఆర్‌పీఎం, వేగం సగటు కట్టి రాసుకోండి. నిలబడిన పడవ నీటి మీదికి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసుకుంటే, రెండు ప్రొపెల్లర్లను పోల్చేటప్పుడు ఆర్‌పీఎం కంటే కూడా అదే ఎక్కువ చెబుతుంది.

ఇక్కడి ఎత్తునూ ఎండనూ కూడా లెక్కలో వేసుకోవాలి. లోయర్ మానేరు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 920 అడుగులు, శ్రీరాంసాగర్‌ది 1091. ఇంత ఎత్తులో ఇంజన్ మూడు శాతం దాకా బలం కోల్పోతుంది. మే నెల 43 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడి ఇంకొంత పోతుంది. డిసెంబరు పొద్దున పరిధిలో సరిగ్గా అడుగు అంచున నిలిచిన ప్రొపెల్లర్ ఎండాకాలంలో దాని కిందికి జారుతుంది. అందుకే చలికాలంలో పరీక్షిస్తే గురిని వంద ఆర్‌పీఎం పైకి జరపండి.

లెక్క

40 హెచ్‌పీ ఫోర్-స్ట్రోక్, పరిధి 5000–6000, పెట్టిన ప్రొపెల్లర్ పిచ్ 13 అనుకుందాం. నిండు లోడుతో 4900 వచ్చింది. కావాల్సింది 5500, తేడా 600. ఈ పిచ్ దగ్గర ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. కాబట్టి మూడు అంగుళాలు తగ్గించి 10 పిచ్ తీసుకోవాలి. పెద్ద ఇంజన్లలో, 17, 19 పిచ్‌ల దగ్గర అంగుళానికి 150 చొప్పున లెక్క కట్టండి. 9.9, 15 హెచ్‌పీ మోటర్లలో పిచ్ 9 దగ్గర ఉంటుంది కాబట్టి ఒక్క అంగుళమే 250 నుంచి 300 దాకా తేడా తెస్తుంది. చిన్న మోటరుకు ఒక్క అంగుళం తగ్గించి మళ్లీ కొలవడం మేలు.

ఖాళీ పడవతో కూడా ఒకసారి చూడండి. నిండుకు సరిపోయిన 10 పిచ్‌తో ఒక్కరే వెళ్లినప్పుడు 6000 దాటుతుంటే థ్రాటిల్ కొంచెం తగ్గించి నడపాలి. ఆ క్రమశిక్షణ కుదరదు, ఒక రోజు నిండుగా, ఒక రోజు ఖాళీగా తిరుగుతాం అనేవాళ్లకు రెండు ప్రొపెల్లర్లు ఉంచుకోవడమే సరైన దారి. మధ్యేమార్గంగా ఒకటే కొనే పక్షంలో నిండు లోడుకు సరిపడేదే కొనండి. ఖాళీగా అరిచే ఇంజన్‌ను చేత్తో తగ్గించవచ్చు, లోడు కింద నలిగే ఇంజన్‌ను చేత్తో కాపాడలేం.

పట్టు ఎంత ఉందో చూడటానికి స్లిప్ లెక్క ఉంది. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, 0.001524తో గుణించి, గేర్ నిష్పత్తితో (ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ఇంజన్ తిరిగే చుట్లతో) భాగించండి. నీళ్లు జారకపోతే పడవ వెళ్లాల్సిన వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. ఉదాహరణకు 5400 ఆర్‌పీఎం, పిచ్ 9, గేర్ నిష్పత్తి 2.08 అయితే 35.6 కి.మీ. జీపీఎస్‌లో 29 వస్తే జారింది 6.6, అంటే 18.5 శాతం. నీటి మీదికి లేచి పరిగెత్తే పడవకు 10 నుంచి 20 శాతం మామూలే. 25 దాటితే మోటరు ఎత్తు, వంగిన రెక్క, గాలి పీల్చడం, పడవ మితిమీరిన బరువు, ఈ వరసలో వెతకండి. అయిదు శాతం కన్నా తక్కువ వచ్చినా, జీపీఎస్ వేగమే ఎక్కువ వచ్చినా సంబరపడకండి. పిచ్ అంకో, టాకోమీటర్ సెట్టింగో, గేర్ నిష్పత్తో ఎక్కడో తప్పు పడింది.

నీటి మీదికి లేవని పడవలు

నాటు చెక్క పడవలకు, బరువైన ఇనుప పడవలకు పై లెక్క అంతా వర్తించదు. అవి నీళ్లను తోసుకుంటూ పోతాయే తప్ప మీదికి లేవవు. నీళ్లను తాకే పొడవు 16 అడుగులున్న పడవ వేగం గంటకు 10 కి.మీ. దగ్గరే ఆగిపోతుంది. తన అలనే తాను ఎక్కాల్సి రావడం వల్ల అక్కడి నుంచి ఎంత హెచ్‌పీ పెట్టినా వెనక భాగం కుంగడం తప్ప వేగం పెద్దగా రాదు. అలాంటి పడవకు 11 పిచ్ ప్రొపెల్లర్ శుద్ధ దండగ. మీ మోటరుకు దొరికే వాటిలో అతి తక్కువ పిచ్, అతి పెద్ద వ్యాసం తీసుకోండి. అలాంటి పడవలో స్లిప్ 40–50 శాతం వచ్చినా కంగారు పడక్కర్లేదు. 9.9 హెచ్‌పీలో హై థ్రస్ట్ అని వచ్చే మోడళ్లలో గేర్ నిష్పత్తి ఎక్కువ, ప్రొపెల్లర్ పెద్దది. గోదావరి దాటించే బరువు పడవకు కొత్త మోటరు కొనబోయేవాళ్లు 15 హెచ్‌పీ మామూలు మోటరు పక్కన దీన్ని కూడా చూడాలి. ప్రవాహానికి ఎదురుగా నిలబడటానికి వేగం కన్నా తోపు ముఖ్యం, రివర్స్‌లో పట్టు కూడా దీనికే ఎక్కువ.

ఎన్ని రెక్కలు, ఏ లోహం

మూడు రెక్కలు ఎక్కువ పడవలకు సరిపోతాయి. నాలుగు రెక్కలది చివరి వేగంలో కాస్త పోగొట్టి, లోడుతో త్వరగా లేపడంలో, మలుపుల్లో, తక్కువ వేగంలో పట్టు ఇవ్వడంలో ఆ లోటు పూడుస్తుంది. అదే పిచ్‌లో మూడు నుంచి నాలుగు రెక్కలకు మారితే 50 నుంచి 150 ఆర్‌పీఎం పడిపోతుంది. అందుకే మారేటప్పుడు పిచ్ ఒక అంగుళం తగ్గించండి. లక్నవరం లాంటి చోట దీవుల మధ్య నెమ్మదిగా, నిండుగా తిరిగే పడవకు నాలుగు రెక్కలు బాగా నప్పుతాయి. కొన్ని ప్రొపెల్లర్లకు వెనక అంచు కొద్దిగా లోపలికి మడిచి ఉంటుంది, దాన్ని కప్ అంటారు. అది గాలి పీల్చడాన్ని తగ్గిస్తుంది కానీ పిచ్ పెంచినట్టే పని చేస్తుంది, ఆ మేరకు చుట్లు తగ్గుతాయి.

లోహం విషయంలో మన నీళ్లకు అల్యూమినియమే. స్టెయిన్‌లెస్ స్టీలు రెక్కలు పలచగా, వంగకుండా ఉంటాయి, కొంచెం వేగం కూడా వస్తుంది. ధర మాత్రం అల్యూమినియానికి కొన్ని రెట్లు. మంచినీళ్ల చెరువులో తుప్పు భయం లేదు కాబట్టి దానివల్ల వచ్చే పెద్ద లాభం ఒకటి ఇక్కడ లేనే లేదు. పైగా రిజర్వాయర్ అడుగున ఉండేది మెత్తని బురద ఒక్కటే కాదు. మిడ్ మానేరు కింద ఊళ్లే మునిగాయి. నీళ్లు తగ్గినప్పుడు గోడలు, చెట్ల మోళ్లు, కంచె రాళ్లు పైకి వస్తాయి, ఒక అడుగు లోతులో కనబడకుండా కూడా ఉంటాయి. అల్యూమినియం రెక్క మోడును తాకితే వంగుతుంది లేదా విరుగుతుంది. స్టీలు వంగక ఆ దెబ్బను షాఫ్ట్‌కూ గేర్లకూ పంపే ప్రమాదం ఎక్కువ. గేర్‌కేస్ బాగుచేయించే ఖర్చులో అల్యూమినియం ప్రొపెల్లర్లు ఎన్నో వస్తాయి. ప్లాస్టిక్ కాంపోజిట్‌వి అదనంగా పడవలో పడేసి ఉంచడానికి మంచివి, రోజువారీ బరువు పనికి కొంచెం మెత్తన.

మోటరులో దెబ్బను మింగడానికి ఉన్న ఏర్పాటును పాడు చేయకండి. రెండు నుంచి అయిదు హెచ్‌పీ మోటర్లలో కొన్నింటికి షియర్ పిన్ ఉంటుంది. రాయి తగిలితే అది తెగి గేర్లను కాపాడుతుంది. దాని స్థానంలో మేకు ముక్కో, గట్టి ఇనుప చువ్వో దూర్చి పని కానిచ్చుకుంటే తర్వాత రాయి తగిలినప్పుడు తెగేది గేరు పన్ను. పెద్ద మోటర్లలో హబ్ లోపల రబ్బరు బుష్ ఉంటుంది. అది పాతబడి జారితే, నెమ్మదిగా వెళ్లినప్పుడు అంతా బాగుంటుంది, థ్రాటిల్ పెంచగానే ఇంజన్ అరుస్తుంది కానీ పడవ కదలదు. గాలి పీల్చినా ఇలాగే ఉంటుంది కాబట్టి తేల్చుకోవడానికి లోపలి బుష్ నుంచి బయటి హబ్ మీదికి పెయింట్‌తో ఒక నిలువు గీత గీయండి. ఒకసారి లోడుతో నడిపి వచ్చాక ఆ గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే బుష్ పోయినట్టే.

నాచు, గుర్రపుడెక్క, తంగూసు

గుర్రపుడెక్క నిండిన నీళ్లకు ఏ ప్రొపెల్లరూ పూర్తి మందు కాదు. ముందు అంచు వెనక్కి వాలుగా కోసినట్టుండే వీడ్‌లెస్ రకం నాచును చుట్టుకోనివ్వకుండా జారవిడుస్తుంది. నీటి లోపల పెరిగే నాచుకు అది బాగా పనికొస్తుంది, పైన తేలే గుర్రపుడెక్క వేర్ల ముద్దకు అంతగా పనికిరాదు. చుట్టుకున్నట్టు అనిపిస్తే న్యూట్రల్‌లోకి తెచ్చి, రెండు క్షణాలు రివర్స్ ఇచ్చి చూడండి. పోకపోతే ఇంజన్ ఆపి, కిల్ స్విచ్ తీసి, మోటరు పైకి వంచి చేత్తో తీయాలి. ఇంజన్ తిరుగుతుండగా కర్రతో పొడవడం ఎప్పుడూ వద్దు. నాచు ప్రొపెల్లర్‌తో పాటు పక్కనున్న నీళ్ల జాలీని కూడా మూస్తుంది. ఇంజన్ వెనక నుంచి చిమ్మే సన్నని నీటి ధార బలహీనపడితే వెంటనే ఆపండి, లేకపోతే ఇంజన్ వేడెక్కిపోతుంది.

తెగిన వలలు, తంగూసు చేసే హాని ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. అవి ప్రొపెల్లర్ వెనక షాఫ్ట్‌కు చుట్టుకుని, వేడికి కరిగి, ఆయిల్ సీల్‌ను కోస్తాయి. నీళ్లు గేర్‌కేస్‌లోకి పోతాయి. గేర్ ఆయిల్ పాలు కలిపిన చాయ రంగులోకి మారితే సీల్ పోయినట్టే. చేపల పడవలకు నెలకొకసారైనా ప్రొపెల్లర్ ఊడదీసి అక్కడ తంగూసు ఉందేమో చూడాలి.

గోదావరిలో ఇసుక మేటల మధ్య నడిపే పడవలకు రెక్కల కొసలు నెమ్మదిగా అరిగి గుండ్రమవుతాయి. రంగు పోయి మెరుస్తున్న కొసలు అందానికి బాగుంటాయేమో కానీ వ్యాసం తగ్గి, ఆర్‌పీఎం పెరిగి, తోపు తగ్గుతుంది. అయిదారు మిల్లీమీటర్లు అరిగాక దాన్ని అదనపు ప్రొపెల్లర్‌గా పక్కన పెట్టి కొత్తది వేసుకోండి. చిన్న గంట్లు, రెండు మూడు మిల్లీమీటర్లవి, సన్న ఆకురాయితో నున్నగా చేయవచ్చు. అంచు వంపు పోకుండా, మూడు రెక్కల నుంచీ సమానంగా. పెద్ద ముక్క విరిగితే బజార్లో మామూలు వెల్డింగ్ చేయించడం దండగ. బరువు అటూ ఇటూ అయితే వణుకు మొదలై బేరింగులను తింటుంది.

బిగించడం

కిల్ స్విచ్ క్లిప్ తీసేయండి, ప్లగ్ వైర్లు ఊడదీయండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఈ మూడు చేయకుండా రెక్కను చేత్తో తిప్పడం ప్రమాదం. వేడి ఇంజన్ ఒక్కసారి దగ్గినా వేళ్లు పోతాయి. పనికి పడవను ఒడ్డుకు తెచ్చుకోండి. నీళ్ల మీదే చేయక తప్పకపోతే కింద ఒక గుడ్డో బకెట్టో పట్టుకోవాలి, జారిన వాషరు మళ్లీ దొరకదు.

నట్ ఊడకుండా దూర్చిన కాటర్ పిన్ నిటారు చేసి లాగేయండి. రెక్కకూ పై ప్లేటుకూ మధ్య చెక్క దిమ్మ పెట్టి నట్ విప్పండి. వాషరు, స్పేసరు, ప్రొపెల్లర్, దాని వెనక ఉండే థ్రస్ట్ వాషరు ఏ వరసలో, ఏ ముఖం ఎటు వైపుగా వచ్చాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. థ్రస్ట్ వాషరు తిరగబడినా, పాతదానికే అతుక్కుని చెత్తలోకి పోయినా ప్రొపెల్లర్ గేర్‌కేస్‌ను రాసుకుని తినేస్తుంది. ప్రొపెల్లర్ రాకపోతే సుత్తితో కొట్టొద్దు, హబ్ వెనక రెండు వైపులా చెక్క పెట్టి సమానంగా నెట్టండి.

షాఫ్ట్ తుడిచి, సీల్ చూసి, స్ప్లైన్లకు నీళ్లకు కరగని గ్రీజు పలచగా రాయండి. ప్రొపెల్లర్ పూర్తిగా లోపలికి కూర్చున్నాక నట్‌ను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించండి. కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే నట్‌ను ఇంకొంచెం బిగించి కలపాలి, వదులు చేసి కాదు. కాటర్ పిన్ ప్రతిసారీ కొత్తదే, స్టెయిన్‌లెస్‌ది. చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా రాసుకోకుండా, కొసలు పై ప్లేటుకు తగలకుండా తిరగాలి. వ్యాసం పెంచినప్పుడు ఈ చివరిది తప్పక చూడాలి. ఆ తర్వాత మొదటిసారి నడిపి వచ్చి నట్ ఇంకా బిగువుగా ఉందో లేదో సరిచూసి, అదే లోడుతో ఆర్‌పీఎం పరీక్ష మళ్లీ చేయండి.

వరద పనికి ఉంచే పడవ

2023 జులైలో మోరంచపల్లి మునిగినప్పుడు చూశాం, వరద పడవలు ఊళ్లలోనే తిరగాల్సి వస్తుంది. నీటి కింద కంచె తీగలు, ప్రహరీ గోడలు, ట్రాక్టరు ట్రాలీలు. ఇలాంటి పనికి తక్కువ పిచ్, నాలుగు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్ పెట్టి, అలాంటిదే ఇంకొకటి పడవలోనే ఉంచాలి. ప్రొపెల్లర్ చుట్టూ గార్డు బిగిస్తే కోత గాయాలు తగ్గుతాయి, కానీ ఈడ్పు పెరిగి ఆర్‌పీఎం పడిపోతుంది, దెబ్బ తగలదని కూడా కాదు. గార్డు బిగించిన తర్వాతే పిచ్ పరీక్ష చేయండి, లేకపోతే ఇంజన్ మళ్లీ నలిగిపోతుంది. గార్డు ఉన్నా లేకపోయినా నీళ్లలోని మనిషిని పడవలోకి లాగేటప్పుడు ఇంజన్ ఆపేయాలి. న్యూట్రల్ సరిపోదు, గేరు లివర్‌కు మోచేయి తగలడానికి క్షణం చాలు.

విడిభాగాల డబ్బాలో అదనపు ప్రొపెల్లర్‌తో పాటు నట్, థ్రస్ట్ వాషరు, స్పేసరు, నాలుగైదు కాటర్ పిన్లు, షియర్ పిన్ ఉన్న మోటరయితే కంపెనీ పిన్లు అరడజను, నట్‌కు సరిపోయే స్పానరు, ప్లయర్, చెక్క దిమ్మ, ఓ చిన్న గ్రీజు డబ్బా ఉండాలి. స్పానరుకు తాడు కట్టి డబ్బాకు ముడివేయండి. ప్రొపెల్లర్లు సాధారణంగా హైదరాబాద్ నుంచో కోస్తా నుంచో తెప్పించుకోవాల్సినవి కాబట్టి, వానాకాలం మొదలయ్యే లోపే కొలిచి, ఆర్డర్ పెట్టి, ఒకసారి బిగించి చూసి ఉంచుకోవాలి.